కిటికీలో రాయి

మా మేడం పోయారని గురువారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసింది. అప్పుడే బస్సు దిగి మంచులో ఆఫీసుకు నడుస్తున్నాను. ఆ రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చేశాను. వారం తిరక్కుండా అదే మనిషి మీద ఇంత కోపం వస్తుందని అనుకోలేదు.

కెనడాలో, ఈ విన్నిపెగ్‌లో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. పడుచుతనంలో చిలీ నుంచి వచ్చి, ఇక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్ళందరికీ ఒక సంఘం నిలబెట్టారు. నెల్లూరు నుంచి వచ్చిన నాకు ఒక్క స్పానిష్ ముక్క రాదు. "భాష సంగతి నేను చూసుకుంటా. నువ్వు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడు, చాలు," అన్నారు. నా పల్చటి గ్లవ్స్ చూసి, తన ఉన్ని గ్లవ్స్ తీసి నా కోటు జేబులో కుక్కారు. ఫారం నింపుతూ నేను స్క్రీన్ వైపే చూస్తుంటే బల్ల మీద వేలితో కొట్టేవారు. "మనిషిని చూడు!" మనిషిని చూసి మాట్లాడే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది.

మా సంఘం ఏటా కొందరు పెద్దలను వాళ్ళ తాతముత్తాతల ఊళ్ళకు పంపుతుంది. రెండు వారాలు అక్కడివాళ్ళ మధ్య ఉండి, ఓ పాటో పనితనమో నేర్చుకొచ్చి ఇక్కడి పిల్లలకు చెప్పాలి. మొదటి జట్టుతో స్పెయిన్ వెళ్ళింది మేడమే. చిలీకి వలస రాకముందు వాళ్ళ తాతగారు ఉన్న ఇంటి తలుపు తట్టగానే ఒక ముసలావిడ తీసి, ముఖం చూసి పోల్చుకుని కావలించుకుందట. ఆ గడప దగ్గర ఏరుకొచ్చిన రాయి మా ఆఫీసు కిటికీలో ఉండేది. లేత రంగు రాయి, ఒళ్ళంతా గోధుమరంగు మరకలు. బయల్దేరే ప్రతివారి చేతిలో దాన్ని కాసేపు పెట్టి పంపడం మా ఆనవాయితీ. రానురాను ఆ కథ చెప్పే పని నాకొచ్చింది. ఎంతమందికి చెప్పానో!

రెండేళ్ళ కిందట మా డాన్సు మాస్టారు వెళ్ళారు. పెరూ నుంచి వచ్చిన పెద్దాయన, శనివారాలు పిల్లలకు నేర్పేవారు. స్పెయిన్‌లో ఆయన తాతగారి ఇంట్లోవాళ్ళు తలుపు గొలుసు కూడా తీయకుండా సందులోంచి చూసి, మీరెవరో తెలియదని మూసేశారు. తిరిగొచ్చి మేడం ఎదురుగా కూర్చుని, "మీకు తీశారు, నాకు తీయలేదు. నా ముఖంలోనే ఏదో లోపం ఉంది," అన్నారు. మేడం లేచి రాయి మీద దుమ్ము తుడిచారు. మాస్టారు ఆ వారం నుంచి నేర్పడం మానేశారు.

అంత్యక్రియల రోజున, రాయిని మేడం పక్కన పెడదామా అని కూతురిని అడిగాను.

"ఎందుకు? అది ఇక్కడి రాయేగా," అంది. "అమ్మకి కూడా అక్కడ ఎవరూ తలుపు తీయలేదు. తిరిగొచ్చాక ఊరవతల క్వారీ దగ్గర ఏరుకుంది. నీకు చెప్పే ఉంటుందనుకున్నా."

నేను రోజూ బస్సు కోసం ఆనుకుని నిలబడే గోడ ఆ క్వారీ రాయే. ఈ ఊళ్ళో పాత భవనాలు సగం ఆ రాయే. మా ఆఫీసులో అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళం. ఉంటున్న ఊరి గోడల వైపు ఒక్కరమూ సరిగ్గా చూడలేదు.

"వెళ్ళేవాళ్ళకి ధైర్యం ఇవ్వాలి," అనేవారు మేడం. ఇచ్చారు, కాదనను. దెబ్బతిని వచ్చిన ఆయనకు ఒక్క నిజం చెప్పలేకపోయారా? ఆ అబద్ధాన్ని ఇన్నేళ్ళూ నా నోటితో చెప్పించారే!

"పోయినావిడ మీద కోపమేంటి? వదిలేయరాదూ," అన్నారు మావారు.

"ఆ పెద్దాయన మొహం మీరు చూళ్ళేదు కాబట్టి అలా అంటున్నారు."

నిన్న మాస్టారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పి, రాయి ఆయన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశారు.

"ఆవిడకీ తీయలేదా?"

"తీయలేదు మాస్టారూ."

"మరి ఆ రోజు నేను ఆవిడ ముందే కూర్చుని..." కోటు వేసుకుని నాతో, నేను రోజూ బస్సు ఎక్కే స్టాప్ దాకా వచ్చారు. గోడ పక్కన రాయి పెట్టి చూస్తే మరకకు మరక కలిసిపోయింది. నా బస్సు వచ్చింది. ఎక్కి వెనక్కి చూస్తే, మాస్టారు గోడ వైపు తిరిగి, ఆ రాయితో, తలుపు తట్టినట్టు, నెమ్మదిగా రెండుసార్లు తట్టి, ఆగి నిలబడి ఉన్నారు.