సోనున్ బూట్లు

బుర్మాకాన్ పగలంతా నరీన్ లోయలోని బడిలో గిన్నెలు తోముతుంది. గురువారం సాయంత్రం ఆమె గదిలోనే క్రైస్తవులు చేరి, అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తారు. కలిసి ప్రార్థించడం వల్లే సంఘం పెరుగుతోందని పాస్టరు మురిసిపోతాడు. పెరిగినవాళ్లందరికీ టీ కాచేది బుర్మాకానే. కాచి, ఆ హోరులోనే గోడకు తల ఆనించి కునుకు తీస్తుంది.

మొన్న ప్రార్థన మధ్యలో పొరుగింటి సోనున్ వచ్చింది. “మతం మారినదానివి, చచ్చాక నీకు మన ఖబరస్థాన్‌లో చోటివ్వరక్కా” అని రోజూ ఎత్తిపొడిచే మనిషి.

“పిల్లాడికి జ్వరం దిగట్లేదక్కా. అందరూ కలిసి అడిగితే మీ దేవుడు వింటాడటగా?”

“ఎవరైనా చూస్తే నీకూ గొయ్యి దొరకదే పిల్లా.”

“తెలుసు. కాస్త జరుగు.”

బుర్మాకాన్ మోకాళ్లు పట్టుకుని లేచి తన చోటు ఆమెకిచ్చింది. గుమ్మం బయటి కుప్పలోంచి సోనున్ బూట్లు ఏరి, లోపల బొగ్గుల డబ్బా వెనక దాచింది.