పెర్త్ వెళ్ళిపోయినవాళ్ళ కుక్క

మా చిన్నప్పుడు మేముండే పేట మెరీబ్యాంక్‌లో సాయంత్రమయ్యేసరికి అమ్మ గేటు బయట పిట్టగోడ మీద కూర్చునేది... ఒక చేతిలో కుక్క గొలుసు, ఇంకో చేతిలో పోలోనీ ముక్కల గిన్నె. పోలోనీ అంటే ఇక్కడ కోడిమాంసం రుబ్బి చేసే లావుపాటి సాసేజ్. అమ్మ బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి. ముఖం పక్కకి తిప్పుకుని ముక్కలు కోసేది.

ఈ దేశంలో తెల్లవాళ్ళ పాలన పోయి, నల్లవాళ్ళతో సహా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికలయ్యి అప్పటికి ఏడాది తిరిగింది. నాన్న కాకినాడ నుంచి ఇక్కడి మిల్లులో ఇంజనీరుగా వచ్చారు. దొంగల భయం, కుక్క లేకుండా ఉండొద్దని చూసినవాళ్ళంతా చెప్పేవాళ్ళు. మిల్లులో పనిచేసే ఒక తెల్లాయన కుటుంబంతో సహా దేశం వదిలి పెర్త్ వెళ్ళిపోతూ తన అల్సేషియన్‌ని నాన్నకి అప్పగించాడు. దాని పేరు మేజర్.

కుక్కని పెంచడం మాకేం తెలుసు... అమ్మ అందరికీ వండిన ఉల్లిపాయ పులుసే కలిపి అన్నం పెట్టింది. అది వాంతులు చేసుకుని మూల పడుకుంది. పక్కింటి మేరీ ఆంటీ గోడ మీంచి చూసి గబగబా వచ్చేసింది. వాళ్ళ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఇక్కడి చెరుకు తోటల్లోకి కూలికి వచ్చినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళది చర్చికి వెళ్ళే ఇల్లు, ఇంట్లో అంతా ఇంగ్లీషే. తిట్టాలంటే మాత్రం ఆవిడకి నాయనమ్మ తెలుగే వచ్చేది.

ఆవిడే నేర్పింది అన్నీ. ఉల్లిపాయ కుక్కకి విషమని, రోజూ చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకాలని, చిగుళ్ళు తెల్లబడితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని... నాన్న ‘సిట్’ అంటే నేను ‘కూర్చో’ అనేదాన్ని. అది ఇద్దరినీ చూసి నిలబడే ఉండేది. మేరీ ఆంటీ మా ముగ్గురినీ వరసగా నిలబెట్టి చెప్పింది.

"అందరూ ఒకే మాట సెప్పు. రోజూ సెప్పు. కొట్టొద్దు. నువ్వు భయం పడితే అదీ భయం పడతాది."

కొంచెం కుదురుకుంది అనుకునేలోపు ఒక శనివారం నాన్నతో పనిచేసే డ్లమినీ అంకుల్ మా ఇంటికి భోజనానికి వచ్చారు. మేరీ ఆంటీ వాళ్ళు వచ్చినా, పోస్టులో పనిచేసే పిళ్ళై గారు వచ్చినా తోక ఊపే మేజర్, ఆయన గేటు తియ్యగానే ఎగిరి చొక్కా చెయ్యి పట్టుకుంది. నాన్న లాగేసరికి చొక్కా భుజం దాకా చిరిగింది. చర్మం తెగలేదు, అదృష్టం.

అప్పుడు అర్థమైంది మాకు. మేజర్ అందరినీ చూసి అరవదు. నల్లవాళ్ళని చూసి అరుస్తుంది. దానికి అలా నేర్పారు.

నాన్న తల వంచుకుని క్షమించమని మళ్ళీ మళ్ళీ అడిగారు. డ్లమినీ అంకుల్ కోప్పడలేదు... అదే నాన్నకి ఇంకా కష్టంగా అనిపించిందట. ఇలాంటి కుక్కల్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నానన్నారు. వెళ్ళే ముందు గేటు బయట నిలబడి అమ్మతో మెల్లగా ఇంగ్లీషులో అన్నారు.

"నేర్పినవాళ్ళు విమానమెక్కి వెళ్ళిపోయారు. మాన్పించే పని మీ నెత్తిన పడింది."

మిల్లులో వాళ్ళు ఇంజెక్షన్ ఇప్పించి చంపించెయ్యమన్నారు. నాన్న కూడా సరేననుకున్నారు. ఇంట్లో కుక్కంటే అందరికన్నా భయం అమ్మకే... ఆవిడే వద్దంది. మనం తెచ్చుకున్నాం, మనమే చూడాలి అంది.

అలా మొదలైంది పోలోనీ. మేరీ ఆంటీ చెప్పిన ఉపాయమే. బస్సు దిగి వెళ్ళే నల్లవాళ్ళు ఎదుటి వైపు దూరంగా కనపడగానే, ఇది అరవక ముందే నోట్లో ముక్క పెట్టాలి. అరిస్తే ఏమీ అనకుండా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. అమ్మ పగలంతా క్రెష్‌లో పసిపిల్లల్ని చూసుకుని వచ్చేది. కాళ్ళు వాచిపోయి ఉండేవి. చెప్పులు విప్పేసి గోడ మీద కూర్చునేది.

మేజర్‌ని చూసి జనం దారి మార్చుకుని నడిచేవాళ్ళు. అమ్మ ప్రతివాళ్ళకీ వాళ్ళ భాషలో ‘సానిబోనా’ అని నమస్కారం చెప్పేది. చాలామంది పలికేవాళ్ళు కాదు... ఎందుకు పలుకుతారు? నెత్తి మీద సంచితో వెళ్ళే ఒకావిడ మాత్రం కొన్నాళ్ళకి దూరం నుంచే చెయ్యెత్తడం మొదలుపెట్టింది. మరి కొన్నాళ్ళకి మా వైపు నుంచే నడిచింది. మేజర్ కొన్ని వారాలు బాగుండేది, మళ్ళీ ఒకరోజు గొలుసు తెంపుకునేంత పని చేసేది. అమ్మ ఏడవలేదు. గిన్నె పట్టుకుని మర్నాడు మళ్ళీ కూర్చుంది.

ఎండాకాలం పోయి చలి తగ్గాక నాన్న డ్లమినీ అంకుల్‌ని మళ్ళీ పిలిచారు. వస్తారని మేమనుకోలేదు. వచ్చారు. గేటులో పక్కకి తిరిగి, దాని కళ్ళలోకి చూడకుండా, చెయ్యి కిందికి వేలాడేసి నిలబడ్డారు. మేజర్ ఒళ్ళు బిగుసుకుంది. గుర్రుమంది. అమ్మ వైపు చూసింది... కూర్చుంది.

అంకుల్ లోపలికి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నారు. నాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. అమ్మ టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. అమ్మ నేల మీద బీరువాకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"టీ నువ్వు ఇచ్చెయ్ తల్లీ... నాకు ఓపిక లేదు," అంది.

మేజర్ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. చివరిదాకా కొత్తవాళ్ళు వస్తే ఒళ్ళు బిగిసేది, అమ్మ ముఖం చూసి సర్దుకునేది. పూర్తిగా మారిందని నేను చెప్పలేను.

ఇప్పుడు మా వీధిలో గోడలు ఇద్దరు మనుషుల ఎత్తు. పైన కరెంటు తీగలు. కుక్కకి నేర్పడానికి మనిషి కారులో వచ్చి, గంట చెప్పి వెళ్ళిపోతాడు. గోడకి అవతల నడిచేవాళ్ళు ఎవరో కుక్కలకీ తెలియదు, మాకూ తెలియదు.

మీ ఇళ్ళల్లో కుక్కని దారిలో పెట్టిందెవరు? వాళ్ళెంత అలిసిపోయారో అప్పుడు మీకు తెలిసిందా... నాకు మాత్రం ఆ రోజు టీ ఇచ్చేసి ఆడుకోడానికి వెళ్ళిపోవడమే తెలుసు.