చేతిలో చెప్పులు, కాలిలో పురుగు

ఆ రోజుల్లో మా వీధి కోడళ్లకు చెప్పులు లేకపోలేదు, కాకపోతే అవి చేతుల్లోనే ఊరేగేవి. నగరిలో మగ్గాల ఇంటికి నేను కోడలిగా వెళ్లేటప్పుడు మా నాయన ఒక జత కొనిచ్చాడు. తెల్లవారకముందే ఊరవతల బయలుకు బయలుదేరితే అరుగు మీద మామ. పెద్దల ముందు చెప్పులేసుకుంటే మర్యాద ఉంటుందా? ఒక చేత చెంబు, ఒక చేత చెప్పులు. మామను దాటితే పక్కింటి తాత, ఆయన్ని దాటితే ఎదురింటి పెద్దాయన. వీధిలో పెద్దవాళ్లందరూ అయిపోయేసరికి బయలే వచ్చేసేది, ఇక అక్కడ వేసుకునేదేముందని చేతిలోనే ఉంచేదాన్ని. (చెప్పులు అరగడం లేదని లోలోపల నాకు సంతోషమే.)

కొన్నాళ్లకు కాలివేళ్ల సందుల్లో దురద పట్టింది. తరవాత మొహం పాలిపోయింది, నూలు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం మీదే కునుకు. అత్త ఊరుకుంటుందా? "దీనికి ఒళ్లు వంగదు. ఈ శుక్రవారం దాటనీ, పుట్టింటికి తోలేస్తా" అని తేల్చేసింది. నాకు తిండి సహించలేదు.

ఆ వారమే ఆసుపత్రి నర్సు (మేమంతా సూదమ్మ అనేవాళ్లం) ఇంటికి వచ్చింది. నా కంటిరెప్ప లాగి చూసి, "కడుపులో కొంకిపురుగులు ఉండాయి, నీ రగతం తాగతా ఉండాయి. బయలు తడిమన్నులో ఉంటాయిలే, కాల్లోంచే దూరింటాయి" అంది. నాకు పౌరుషం వచ్చింది.

"తుమ్మముల్లే దిగని కాలు నాది, ఎంటిక లాంటి పురుగు దిగతాదా?"

"అది పొడిసేది కాదు అమ్మణ్ణీ. వేళ్ల సందున ఏదో రసం వదిలి, తోలు మెత్తబరుసుకోని లోపలికి పోతాది." (ఆ రసాన్నే ఎంజైమ్ అంటారని తిరుపతిలో చదివే మనవరాలు ఇప్పుడు నాకు పాఠం చెబుతోంది.)

నాకంటే ముందు అత్తకే అర్థమైంది. "అంటే, ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ఏసినట్టా?"

"అంతే."

అత్త నా కాళ్లను చూసింది, మూలనున్న కొత్త చెప్పులను చూసింది. "ఓసి పిసినారీ! ఆ పురుగేమో నీ కాలు కూర వండుకుంటా ఉంటే, నువ్వు చెప్పులకు షికారు చేయిస్తా ఉండావా!"

సూదమ్మ ఇచ్చిన మాత్రలు మింగాను. అసలు చిక్కు మరునాడు పొద్దున వచ్చింది. చెప్పులేసుకుని గడపలో నిలబడితే ఎదురుగా అరుగు మీద మామ. కాలు కదలదు. ఆయన గొంతు సవరించుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని, "ఈ సున్నం ఎప్పుడు కొట్టించినామో ఏమో, పెచ్చులు లేస్తా ఉండాయి" అన్నాడు, గోడతో. నేను టపటపమంటూ దాటేశాను. ఒంట్లో నెమ్మదిగా రక్తం పట్టింది, కునుకు వదిలింది, పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మామ మాత్రం తాను ఉన్నన్నాళ్లూ నేను వెళ్లే వేళకు ఆ గోడలో ఏదో ఒక లోపం వెతుకుతూనే ఉన్నాడు.

ఇప్పుడా అరుగు మీద నేను కూర్చుంటున్నాను. సెలవులకొచ్చినప్పుడల్లా మనవరాలు బూట్లు టకటకలాడించుకుంటూ నా ముందు నుంచే పోతుంది. 'పెద్దముండాదాన్ని ఒకదాన్ని ఈడ ఉండానే!' అని నోటిదాకా వస్తుంది. మింగేసి గోడ వైపు తిరుగుతాను. మామ అబద్ధమాడలేదు, పెచ్చులు బాగానే లేచాయి. సున్నం కొట్టించాలి. (వచ్చే ఏడు చూద్దాం.)