నాడె గాడిలో డ్రిల్ బిట్టు

గంటె పిడి విరిగితే కొత్త గంటె కొనే అలవాటు మా ఇంట్లో లేదు. అందుకే ఆ ఆదివారం పొద్దున సిరిసిల్లలో బస్సెక్కేటప్పుడు, విరిగిన గంటెతో పాటు దాని పిడికి పనికొస్తుందని ఒక పాత నాడెను కూడా సంచిలో వేసుకున్నాను. మగ్గం మీద దారాన్ని మోసుకుంటూ ఇటూ అటూ ఉరికే కర్రే నాడె. దాని నడుమ గాడిలో దారం చుట్టిన కండె కూర్చుంటుంది. కొన చీలిన ఆ నాడె సాంచాల షెడ్డులో, మరమగ్గాలు నడిచే చోట, మూలకు పడి ఉంటే నేనే తెచ్చి దాచాను. గట్టి కర్ర, పారేయబుద్ధి కాలేదు.

నా కొడుకూ కోడలూ కోరుట్లలో ఉంటారు. వాడు సాంచాల చప్పుడులో పుట్టి పెరిగినవాడే. నెలలో సగం రోజులు పని లేక, చివరికి వడ్రంగం నేర్చుకుని అక్కడ ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. కిటికీలు చేశాడు, బల్లలు చేశాడు. ఇంటి పెద్ద దర్వాజ చట్రం చేసే పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆఖరికి కథలాపూర్ రైతు ఒకాయన ఇచ్చాడు. సోమవారం పొద్దున ముహూర్తం. దర్వాజ బాగా కుదిరితే లోపలి తలుపులన్నీ వాడికే ఇస్తానన్నాడట. కుదరకపోతే షెడ్డుకు తాళం వేసి, మహారాష్ట్రలోని భివండి పోయి మళ్లీ సాంచాలు నడుపుతానని నా కొడుకు ఫోన్లోనే చెప్పాడు. కోడలి తండ్రి బతుకంతా భివండిలోనే గడిచింది. ఆయన ముఖం పండుగలకు తప్ప చూడని పిల్ల అది. ఆ ఊరి పేరెత్తితేనే దానికి మండుతుంది.

నేను పోయేసరికి షెడ్డంతా పొగ వాసన. నా కొడుకు టేకు ముక్క మీద డ్రిల్ మిషన్ ఆనించి బలంగా నొక్కుతున్నాడు. మిషన్ అరుస్తోంది గాని బిట్టు దిగడం లేదు. దిగిన కాస్తా నల్లగా మాడి, అంచుల వెంట పీచు లేచింది. దర్వాజ మూలలను కర్ర చీలలు కొట్టి బిగిస్తారు. చీల దూరే రంధ్రం శుభ్రంగా లేకపోతే ఆ మూల ఎన్నటికీ వదులే. నయం, వాడు దర్వాజ మీద కాకుండా ముందు ముక్క మీద పెట్టి చూశాడు.

ఎన్నడూ లేనిది, కొత్త బిట్టు కొనుక్కురమ్మని నేనే అన్నాను. అంత లావు బిట్లు జగిత్యాలలోనే దొరుకుతాయట, ఆదివారం ఆ దుకాణం బందు. పక్క షెడ్డు ముసలి వడ్రంగిని అడిగితే తన సామానంతా పెగడపల్లి పనిలో ఉందన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

“నాడె ఆడించిన చేతులకు దర్వాజ ఎట్ల కుదుర్తది కొడుకా?” అని నవ్వి పోయాడు.

నా కొడుకు సాన మోటారు వేసి, బిట్టును రాయికి ఆనించి పదును పెట్టాడు. మొన తళతళ మెరిసింది. చెక్కకు పెడితే మళ్లీ పొగే. ఇక వాడు ఫోన్ చేతికి తీసుకున్నాడు, రైతుకు వేరే మనిషిని చూసుకొమ్మని చెప్పడానికి.

కోడలు ఆ ఫోన్ గుంజుకుంది. “జర ఆగు. నువ్వు పదును పెడుతలేవు. నాడె మొనను రుద్దినట్టు రుద్దుతున్నవు.”

అప్పుడు నాకూ అర్థమైంది. నాడె మొన ఏ కాస్త గరుకుగా ఉన్నా దారం తెగుతుంది. అందుకే మావాళ్లు దాన్ని వేళ్ల నడుమ తిప్పుతూ తిప్పుతూ నున్నగా, గుండ్రంగా చేస్తారు. ఇందాక వాడి వేళ్లు బిట్టును కూడా అట్లాగే తిప్పాయి. కోయాల్సిన అంచును వాడే అరగదీశాడు.

“చెయ్యి తిరుగుతనే ఉంటది, నేనేం జెయ్యాలె?” అన్నాడు.

“చేతికి చెప్పకు. పట్టుకునే పని కర్రకు చెప్పు.” అని నా వైపు తిరిగింది. “అత్తమ్మా, నీ సంచిలున్న నాడె ఇయ్యి.”

“అది నా గంటెకు తెచ్చిన.”

“గంటె ఆగుతది. ముహూర్తం ఆగుతదా?”

ఇచ్చాను. కోడలు చీలిన కొనను రంపంతో కోసేసింది. గాడి వెడల్పు ఎక్కువైతే రెండు పక్కలా వెదురు బద్దలు అతికించి బిట్టు కదలకుండా చేసింది. బిట్టు వెనక్కి జారకుండా ఒక మేకు కొట్టింది. ఇక ఏటవాలు ఎంత ఉండాలో తెలియాలి. పెట్టెలో ఇంకా సాన తగలని సన్న బిట్టు ఒకటి దొరికింది. మోటారు ఆపి, దాని మొన రాయికి పూర్తిగా అతుక్కునేట్టు పట్టుకుని, ఆ వాలు ప్రకారం సాన మోటారు కింది చెక్క మీద పెన్సిల్‌తో గీత గీసింది. ఆ గీత వెంటే నాడెను బిగించింది. ఇంతసేపూ చీర కొంగుకు నూనె మరక కూడా అంటనివ్వలేదు. అది కూడా చూశాను నేను.

లావు బిట్టు గాడిలో పడుకుంది, కండె కూర్చున్నట్టే. నా కొడుకు ఒక అంచును రాయికి తాకించాడు, నీళ్లలో ముంచాడు, బిట్టును బోర్లించి రెండో అంచును తాకించాడు. వేళ్లకు తిప్పే సందు లేదు. ఈసారి మొన మెరవలేదు గాని, రెండు అంచులూ ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు సమానంగా వచ్చాయి. చెక్కకు పెడితే మిషన్ అరుపు తగ్గి, టేకు చుట్టలు చుట్టలుగా పైకి లేచింది. పొగ లేదు. పొద్దు గూకక ముందే దర్వాజ రంధ్రాలన్నీ అయిపోయాయి.

ముఖం మీద మెచ్చుకునే మనిషిని కాను నేను. నూనె డబ్బా మూత పెట్టమని మాత్రం అన్నాను. కానీ ఆ సాయంత్రం కోడలిని పొయ్యి దగ్గరికి రానివ్వకుండా నేనే వండాను, పిడి లేని గంటెతో.

మర్నాడు కథలాపూర్‌లో పసుపు కుంకుమలు పెట్టి దర్వాజ నిలబెట్టారు. చీలలు రెండేసి దెబ్బలకు దిగి కూర్చున్నాయి. రైతు మూలల వెంట బొటనవేలు రాసి చూసి, లోపలి తలుపులకు కర్ర ఎప్పుడు చూద్దామని నా కొడుకును అడిగాడు. కోడలు నా పక్కనే నిలబడి ఉంది. ఊపిరి గట్టిగా వదిలింది.

భివండి మాట మళ్లీ వినలేదు. మిగిలిన టేకుతో నా కొడుకు గంటెకు పిడి వేసిచ్చాడు. నేను సిరిసిల్లకు బయలుదేరే రోజు పక్క షెడ్డు ముసలాయన వచ్చి, గడప దగ్గర కాసేపు తచ్చాడి, ఆ నాడె ఒకసారి ఇస్తే తన బిట్లు కూడా సాన పట్టుకుంటానన్నాడు.

కోడలు ఇచ్చింది. ఇస్తూ అన్నది: “మాపటికల్ల తెచ్చియ్యి కాకా. అది మా అత్తమ్మ గంటెది.”