మాస్టారి వారాలు

1. బుధవారం ఉదయం 5.40. మాస్టారు నీళ్ళు అడిగారు. రెండు చెంచాలు పుచ్చుకున్నారు.
2. 6.15. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. బాపట్లలో ఉన్న వారి అమ్మాయికి ఫోను చేశాను.
3. 6.50. మాస్టారు వెళ్ళిపోయారు. అమ్మాయి ఇంకా రైలు ఎక్కలేదు.

ఈ మూడూ నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే దించాను. ముందురోజు పేజీలో మరొకటుంది: "మంగళవారం సాయంత్రం 4.30. రెండు ఇడ్లీలు తిన్నారు. మెరుగు." కింద నా పూర్తి పేరు. పాఠకులకు చెప్పుకోవలసింది ఆ వాక్యం గురించే.

తెనాలిలో మా పక్కిల్లు మాస్టారిది. ఎనిమిదో తరగతిలో బడి మాని మోటార్లు చుట్టే పనిలో చేరిన నాకు, పుస్తకం పట్టుకోవడం వారి అరుగు మీదే అలవడింది. "రాసిన మాటకు వేళ వెయ్యి, కింద పూర్తి పేరు పెట్టు. తప్పయితే ఎవరిని అడగాలో తెలియాలి కదరా" అనేవారు.

కాలేయంలో క్యాన్సర్. మందులు ఇక పనిచేయవన్నాక, ఇంటికే వచ్చి నొప్పి తగ్గించే డాక్టరమ్మను ఎన్నాళ్ళని అడిగాను. "నెలలు కావండి, వారాలు" అన్నారు. మాస్టారి చెవిన పడనే పడింది.

"వారాలా? నాకు అలవాటేనమ్మా. రేపల్లెలో వారాలు చేసుకునే చదువుకున్నాను" అని నవ్వారు. పేద విద్యార్థికి రోజుకొక ఇంట భోజనం పెట్టే కాలమది. మర్నాడే మా వీధిలో ఏడిళ్ళకు వారాలు పంచారు. మాకు గురువారం వచ్చింది. తినేది నాలుగు ముద్దలే. అయినా, "మీ ఆవిడ పప్పులో ఉప్పు మరిచిందిరా. వచ్చే వారం చూస్తాను" అని బెదిరించేవారు.

నేను పట్టిక గీశాను: తిన్న ముద్దలు, నిద్రపోయిన గంటలు, నడిచిన అడుగులు. డాక్టరమ్మ చూసి, "బాగా రాశారు. కానీ దీన్నే నమ్ముకోకండి. ఇష్టమైనవాళ్ళకి మేమే ఉన్నవాటికన్నా ఎక్కువ రోజులు చెప్పేస్తుంటాం" అన్నారు. ఆ మాటా రాసుకున్నాను, వేళతో సహా.

నెల్లాళ్ళుగా తండ్రి దగ్గరే ఉన్న అమ్మాయి ఆ మంగళవారం సాయంత్రం, "సెలవు పొడిగించుకుని ఎల్లుండికల్లా వచ్చేస్తాను. వెళ్ళనా అన్నయ్యా?" అంది. మాస్టారు నావైపు చూశారు.

"ఏరా, నీ పట్టిక ఏమంటోంది?"

"ఇంకా రెండు వారాలైనా ఉన్నాయండి."

"అయితే వెళ్ళిరా అమ్మా. వాడు సంతకం కూడా పెట్టాడు."

నన్ను నమ్మారా? తెలిసే, కూతురు చూడకూడదని పంపేశారా? ఉండమనాలని ఉండీ నా మాట కొట్టేయలేకపోయారా? చివర్లో కొందరికి ఒక పూట ఆకలి వేస్తుందని డాక్టరమ్మ తర్వాత చెప్పారు. మరి ఆ రెండు ఇడ్లీలను ఏ గడిలో వేయాలి? ఎన్నిసార్లు తిరగరాసినా నాకు తేలడం లేదు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన గురువారం మా ఆవిడ అలవాటుగా క్యారేజీ సర్దేసింది. నేనూ అలవాటుగా పట్టుకెళ్ళాను. అమ్మాయి తలుపు తీసింది.

"నిన్ను పంపిన తప్పు నాదమ్మా" అన్నాను.

ఆమె క్యారేజీ అందుకుని అరుగు మీద కూర్చుంది. పై గిన్నె తీసి, పప్పు వేలితో నాలుకకు రాసుకుంది.

"ఈ వారమూ ఉప్పు తక్కువే అన్నయ్యా."

నోటుపుస్తకం జేబులోనే ఉంది. వేళ చూడలేదు, పేరు పెట్టలేదు. ఆమె అన్నం కలుపుకుంది. నాలుగు ముద్దల వరకు లెక్కపెట్టాను. ఆమె ఇంకా తింటోంది.