దర్జీ చెప్పిన అరగంట

ఆ దర్జీ పావు అంగుళం తేడా వచ్చిందంటే కుట్టిన చొక్కానైనా మళ్ళీ విప్పేసేవాడు. కొలత విషయంలో అంత నిక్కచ్చి. నోరు విప్పాడంటే మాత్రం హద్దూ పద్దూ ఉండేది కాదు. గుడ్డ కన్నా కోతలే ఎక్కువ కోస్తారని భార్య అంటే, "రెండిటికీ పదును కావాలే పిచ్చిదానా" అని తన మీద తానే నవ్వుకునేవాడు.

ఆ ఏడు రెండూళ్ళకి కలిపి ఒక అంబులెన్సు ఇస్తామని, ఎక్కడ ఉంచాలో జనమే చెప్పాలని బడి హాల్లో మీటింగు పెట్టారు. డ్రైవరు గదికీ డీజిలుకీ ఊళ్ళు ఏమైనా సాయం చేస్తాయా అని కూడా అడుగుతారట. బండి తమ ఊరికే తెస్తానని చాటింపు వేసి మరీ దర్జీ ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇప్పుడు ఫోన్ చేస్తే పట్నం నుంచి బండి ఎంతసేపట్లో వస్తోంది?" అని అడిగాడు ఆఫీసరు.

ముందుగా పక్క ఊరి పంతులమ్మ లేచింది. "గంట పైనేనండీ. మా రోడ్డు సంగతి చెబితే సిగ్గుచేటు. మొన్న ఒకాయన దారిలోనే పోయాడు. గది మేమిస్తాం, బండి ఇప్పించండి."

సొంత ఊరి లోటుపాట్లు పదిమందిలో ఏకరువు పెడుతుందా! దర్జీకి ఒళ్ళు మండింది. తమ ఊరి తారు రోడ్డుకి అర్జీ రాసింది తనే మరి. "మాకు అరగంటలో వచ్చేస్తుందండీ! రోడ్డు అద్దంలా ఉంటుంది. ఒకరి దగ్గర చెయ్యి చాపే ఊరు కాదు మాది!" అన్నాడు.

చప్పట్లే చప్పట్లు. నిజానికి వాళ్ళకీ గంటే పట్టేది. చప్పట్లు కొట్టిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. పాపం ఆఫీసరుకి తెలియదు కదా, అరగంట అని రాసుకున్నాడు.

బండి పక్క ఊరికి పోయింది. దర్జీ కొట్టుకి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "మావయ్యా, పాంటు అరగంటలో ఇస్తావా? అదే, నీ అరగంటలో!" అనేవారు. "నా అరగంట కొంచెం లూజురా" అని అతనూ నవ్వేసేవాడు.

ఒకరోజు పొద్దున పెరట్లో బట్టలారేస్తున్న భార్యని కందిరీగ కుట్టింది. ఐదు నిమిషాల్లో పెదాలు వాచిపోయాయి, గొంతు పూడుకుపోయింది. దర్జీ ఎలాగో ఫోన్ చేసి, మెడలో టేపుతోనే రోడ్డు మీదికి పరిగెత్తాడు. గడియారం చూసుకోవడం, లోపలికి పోయి ఆవిణ్ణి చూడటం, మళ్ళీ రోడ్డెక్కడం. పదహారో నిమిషంలో బండి వచ్చింది. సూది మందు పడ్డాక ఆవిడ ఊపిరి తెరిపిన పడింది, అతని ప్రాణం లేచొచ్చింది.

"ఇంకో పది నిమిషాలు దాటితే మా చేతుల్లో ఉండేది కాదండీ" అంది నర్సు.

భార్య ఇంటికొచ్చాక దర్జీ పక్క ఊరు వెళ్ళి పంతులమ్మకి దండం పెట్టాడు. "ఆరోజు మీరు అడగబట్టి నా ఇల్లు నిలబడిందమ్మా."

ఆవిడ నవ్వింది. "ఊరి పరువు తీశానని మావాళ్ళు నెల రోజులు నాతో మాట్లాడలేదండీ. మీకేమో చప్పట్లు కొట్టారు."

దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "నా అంత వెధవ ఇంకోడుండడే! ఆవిడ కూడా నాలాగే గొప్పలకి పోయుంటే బండి పట్నంలోనే ఉండేది. గంట పట్టేది" అని భార్య దగ్గర వాపోయాడు.

"గంట దాకా ఎందుకు?" అంది ఆవిడ, ఇంకా బొంగురుగానే ఉన్న గొంతుతో. "మీరు చెప్పిన అరగంట నిజమే అయినా నేను పోయేదాన్నేగా."

అన్ని అంగుళాలు కొలిచిన మనిషికి ఆ లెక్క ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

ఆ నెలాఖరున బండి ఎలా నడుస్తోందో కనుక్కోవడానికి ఆఫీసరు మళ్ళీ మీటింగు పెట్టాడు. దర్జీ అందరికన్నా ముందు లేచాడు. "అప్పుడు నేను చెప్పింది అబద్ధమండీ. మాకూ గంటే పట్టేది. డ్రైవరు గదికి మా ఊరు కూడా సాయం చెయ్యాలి. నా వంతు నేనిస్తాను."

ఈసారి ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు.