వెనక మెట్లు మూసేసిన నా తెలివి

కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. నేనూ నరుక్కున్నాను. అదీ రిబ్బను కట్టి, అందరికీ ఫోన్లు చేసి పిలిచి, ప్లేట్లలో మిఠాయి పెట్టి మరీ నరుక్కున్నాను. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను. మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. మా బరంపురం బజారు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, మీరొక్కరు మొహమాటపడితే నాకు ఒరిగేదేమీ లేదు.

మాది లెక్కలు రాసే చిన్న ఆఫీసు. మా మేనమామ పెట్టింది. వర్తకుల పద్దులు చూడటం, జీఎస్టీ దాఖలు చేయడం మా పని. మావయ్యకు మోకాళ్లు అరిగాక తన కుర్చీ నాకిచ్చి, ఆయన మూలనున్న పడక్కుర్చీకి మారారు. ఆఫీసు మేడ మీద, కింద బిపిన్ సెలూన్. సెలూన్ పక్కనుంచి బజారు వైపు ఒక మెట్లదారి, వెనక సందులోకి ఇంకో మెట్లదారి. నా కథంతా ఆ వెనక మెట్ల మీదే ఉంది.

ముందు మా వర్తకుల గురించి ఒక మాట. కొట్టు నిండా జనం కిటకిటలాడుతున్నప్పుడు వెళ్లి "బేరాలెలా ఉన్నాయండీ?" అని అడిగి చూడండి. "ఏటి బేరాలు బాబూ, ఈగలు తోలుకుంతన్నాం" అంటారు. అలాంటి మనిషి లెక్కల ఆఫీసు మెట్లెక్కుతూ కనిపిస్తే ఇంకేమైనా ఉందా? లెక్కలున్నాయంటే లాభమున్నట్టే. లాభముందని తెలిస్తే సాయంత్రానికి పూజ కమిటీవాళ్లు చందా పుస్తకంతోనూ, మర్నాటికి తోడల్లుడు చేబదులు కోసమూ దిగుతారు. పైగా పక్క కొట్టువాడి పద్దులు చూసే మనిషికి తన పద్దులు చూపించడం మావాళ్లకు ప్రాణాంతకం. అందుకే మావయ్యది ఒకటే సూత్రం. ఒక ఖాతాదారుకు ఇంకో ఖాతాదారు ఎదురుపడకూడదు. ఒకరు ముందునుంచి వస్తుంటే ఇంకొకరు వెనకనుంచి దిగిపోవాలి. ఎవరికి వారు నా గురించి "రవణమ్మ నా ఒక్కడి పద్దులే రాస్తాది" అనుకుని సుఖంగా ఉండాలి. ఒక్కడి పద్దులతో మేమెలా బతుకుతున్నామని ఎవరూ అడగలేదు.

మా ఖాతాల్లో పెద్దవి రెండు. సింహాద్రిగారిదీ, జగ్గారావుగారిదీ. ఇద్దరూ సొంత అన్నదమ్ములు. చికిటి నుంచి వచ్చి తండ్రి పెట్టిన పసుపు, మిరప హోల్‌సేల్‌ను ఆయన పోయాక పంచుకున్నారు. పంపకం ఎంత నిక్కచ్చిగా జరిగిందంటే, తండ్రి వాడిన ఇత్తడి తక్కెడ పళ్లేలు కూడా చెరొకటి పట్టుకెళ్లారు. ఒంటి పళ్లెంతో ఏం తూస్తారని నన్నడక్కండి. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అన్నగారు పొద్దున్నే ముందు మెట్లెక్కేవారు, తమ్ముడుగారు సాయంత్రం వెనక మెట్లెక్కేవారు. పండగొస్తే రెండిళ్ల నుంచీ వేర్వేరుగా అప్పడాల కట్టలు వచ్చేవి. ఆఫీసు అద్దె, నా జీతం, మావయ్య మోకాళ్ల మందులు, అన్నీ ఆ ఇద్దరి పగ చలవే.

ఇంత చక్కగా నడుస్తుంటే నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. భువనేశ్వర్‌లో ఒక హోటల్లో "చిన్న ఆఫీసును పెద్దది చేయడం ఎలా" అని ఒకరోజు శిక్షణ పెడితే వెళ్లాను. కోటేసుకున్న ఒకాయన వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ, "మీ ఖాతాదారులను ఒకరితో ఒకరిని కలపండి, వాళ్లే మిమ్మల్ని పెంచుతారు" అన్నాడు. నేను తలూపాను. ఆయనకు మా బజారు తెలియదు, సరే. నాకు తెలుసు కదా? తెలిసీ తలూపాను.

"మావయ్యా, మనం ఎదగాలి" అన్నాను రాగానే.

"ఎదిగితే ఏటవుద్ది?"

"పెద్దవాళ్లమవుతాం."

"నాకు డెబ్బయి దాటినాయి. ఇంకా ఎంత పెద్దోడ్నవ్వాలే?"

"అది కాదు మావయ్యా. ఆ వెనక మెట్లు మూసేసి కాఫీ మిషను పెడదాం. ముందు గోడ తీసేసి అద్దం పెడదాం. సోఫాలు వేద్దాం. దొంగల్లాగా ఈ దాగుడుమూతలేమిటి?"

"ఒలే రవణీ, సోఫాలేస్కో, అద్దాలెట్టుకో. ఎనక మెట్ల జోలికి మాత్రం ఎల్లకు. నీ మంచికే సెప్తన్నాను."

పెద్దల మాట చద్దిమూట అంటారు. నాకు అప్పటికి హోటల్ భోజనం రుచి తగిలింది, చద్ది ఎందుకు సహిస్తుంది? వెనక మెట్లకు గోడ కట్టించేశాను. ప్రారంభోత్సవానికి అందరినీ ఒకే వేళకు పిలిచాను. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి, "మీరే ముఖ్య అతిథి, తప్పకుండా రావాలి" అన్నాను. ఆ ముఖ్య అతిథి అనే మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు.

మొదట బట్టల వర్తకుడొకాయన వచ్చి సోఫాలో కూర్చున్నారు. వెనకే ఖల్లికోట నుంచి ఎండుచేపల వ్యాపారి వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి కొయ్యబారిపోయారు.

"నువ్వేటి ఇక్కడ?"

"నేనా? కింద బిపిన్ కాడ కుర్చీ ఖాళీ నేదు. సల్లగా ఉంటాదని ఇలాగ కూకున్నాను. మరి నువ్వో?"

"నేనూ అందుకే."

కాసేపటికి హాలు నిండిపోయింది. అందరూ బిపిన్ కుర్చీ కోసం ఎదురు చూస్తున్నవాళ్లే. నేను మైకు పట్టుకుని, "మా గౌరవనీయులైన ఖాతాదారులకు స్వాగతం" అన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఏళ్ల తరబడి మాకు పద్దులిస్తున్న ఒక పెద్దాయన పక్కాయన్ని అడిగారు: "ఎవలు బాబూ ఈ పాప? ఈ కొట్లో ఏటమ్ముతారు?"

అప్పుడొచ్చారు సింహాద్రిగారు. బజారులో ఆయన కొట్టుకు బోర్డు లేదు, ఆయన మీసమే బోర్డు. ఆయన కాఫీ మిషనుకు కట్టిన రిబ్బను దగ్గరికి వచ్చేసరికి, వెనక సందులో మెట్లు కనబడక చుట్టూ తిరిగి వచ్చిన జగ్గారావుగారు కూడా అక్కడికే చేరారు. కత్తెర పళ్లెం పట్టుకుని మధ్యలో నేను.

"రవణమ్మా, ఈ మనిషి ఇక్కడికెందుకొచ్చినాడో కనుక్కో" అన్నారు అన్నగారు నా వైపే చూస్తూ.

"రవణమ్మా, గెడ్డం గీయించుకోడానికొచ్చినానని ఆ పెద్దమనిషికి సెప్పు" అన్నారు తమ్ముడుగారు.

"నేనూ క్రాపుకే వచ్చినానని సెప్పు!"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. "మరి సెలూన్ కింద కదండీ?" అన్నాను.

అంతే. "అవునవును, కిందే కదా!" అంటూ హాలు హాలంతా ఒక్కసారి లేచింది. ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గేసరికి నేనూ, మావయ్యా, మిఠాయి ప్లేట్లూ మిగిలాం.

"ఎదిగినామా?" అన్నారు మావయ్య పడక్కుర్చీలోంచి.

నేను కిందికి పరిగెత్తాను. బిపిన్ సెలూన్ ముందు వరస రోడ్డు మీదకు వచ్చేసింది. లోపలున్నవి రెండే కుర్చీలు. పక్కపక్కనే అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. ఎవరు ముందు లేస్తే వారు అబద్ధమాడినట్టు. కాబట్టి ఇద్దరూ లేవరు. "బొసొంతు ఆజ్ఞా, బొసొంతు" అని ఒడియాలో కూర్చోమంటూ బిపిన్ సింహాద్రిగారికి గుడ్డ కప్పాడు. గడ్డం అయింది. క్రాపు అయింది. ఇంక గీయడానికేం మిగల్లేదు.

"నిశొ బి కాటిబి, ఆజ్ఞా?" అన్నాడు. మీసం కూడా తీసెయ్యనా అని.

సింహాద్రిగారి చూపంతా అద్దంలో తమ్ముడి మీదుంది, మళ్లీ మేడెక్కుతాడేమోనని. "హఁ, హఁ" అన్నారు. బిపిన్‌ది చురుకైన చెయ్యి. కొండనాలుకకు మందేస్తే ఉన్న మీసం ఊడింది.

ఎదగకపోతే మానె, మీసం పోయిన మనిషి మా దగ్గర ఖాతా ఉంచుతాడా? మావయ్యకు రేపటినుంచి మందులెక్కడివి?

"ఒరే బిపినా! ఏటి సేసినావురా!" సింహాద్రిగారు పెదవి మీద చెయ్యి పెట్టుకుని గావుకేక పెట్టారు.

"మీరే కదా హఁ అన్నారు ఆజ్ఞా!"

జగ్గారావుగారు సగం చెంప మీద నురగతో ఇటు తిరిగారు. మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే తప్ప పెంచిన మీసం తియ్యరు. ఆయన నోట అప్రయత్నంగా వచ్చేసింది: "అన్నియ్యా, ఎవలు పోయినారు?"

"ఎవలూ పోనేదు. నా మీసమే పోయింది."

జగ్గారావుగారు నవ్వలేదు. ముందుకు వంగి అన్న మొహంలోకి చూశారు. వాళ్ల తండ్రి ఏనాడూ మీసం పెంచలేదట. "అన్నియ్యా, అచ్చం నాన్న కూకున్నట్టుందిరా" అన్నారు. సింహాద్రిగారు చెయ్యి తీసి అద్దంలోకి మళ్లీ చూసుకున్నారు. "అవున్రా జగ్గూ" అన్నారు. నురగతోనే తమ్ముడు అన్నను పట్టుకున్నాడు. బిపిన్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, నిజంగా సంతోషం పట్టలేకనే.

తర్వాత మళ్లీ ఏడ్చాను, అది వేరే కారణానికి. నెల తిరక్కుండా రెండు కొట్లూ ఒకటైపోయాయి. పళ్లేలు రెండూ ఒకే తక్కెడకు చేరాయి. మా రెండు పెద్ద ఖాతాలూ కలిసి ఒక ఖాతా అయ్యాయి. మిగిలినవాళ్లు, నేను వెనక మెట్ల గోడ పడగొట్టించాకే మెల్లగా తిరిగొచ్చారు. బిపిన్ మాత్రం ఆ రోజు వరస చూసి ఉత్సాహం వచ్చి కుర్చీలు పెంచి, ఏసీ పెట్టించాడు. ఎదుగుదల మా భవనానికి వచ్చిన మాట నిజమే, మేడ ఎక్కలేకపోయిందంతే.

పండక్కి అన్నదమ్ములిద్దరూ కలిసి ముందు మెట్లెక్కి వచ్చారు. "రవణమ్మా, నీ పుణ్యాన్నే కలిసినాం. నీ మేలు మరిసిపోం" అని అప్పడాల కట్ట చేతిలో పెట్టి వెళ్లారు.

మావయ్య తలుపు వైపు చూశారు. "ఒక్క కట్టేనా?"

క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు. క్షవరం సింహాద్రిగారికైంది, వివరం నాకు తెలిసింది. అందుచేత బిపిన్ కత్తి సాక్షిగా, మావయ్య మోకాళ్ల సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో ఇంకో మెట్లదారి మూయను, ఇంకెవరినీ ముఖ్య అతిథి అనను, ఏ ఇద్దరినీ ఒకే వేళకు పిలవను. హల్దియాపదర్‌లో మా ఖాతాదారులైన తోడికోడళ్లు ఇద్దరున్నారు, చీరల వ్యాపారం, ఒకరి నీడ ఒకరికి పడదు. వాళ్లు మీకు తెలిసినవాళ్లయితే, మీకు పుణ్యముంటుంది, రాజీ మాత్రం చెయ్యకండి.